అటక మీది మానిటర్



అత్తిలి మెయిన్‌రోడ్డులో ఏ నెట్ సెంటర్లోకి వెళ్లినా ఒకటే తంతు. కుర్చీలో ఆపరేటరు కూర్చుని ఉంటాడు. వెనకాల ముగ్గురు నలుగురు మెడలు సాచి అతని భుజం మీంచి కంప్యూటర్లోకి తొంగి చూస్తుంటారు. "బాబూ, మా ఇంటిపేరులో రెండు ఎల్‌లు ఉండాలయ్యా" అంటారొకరు. "తమ్ముడూ, అది మా మావయ్యగారి పేరు, మా నాన్నగారి పేరు కాదు" అంటారింకొకరు. ఆపరేటరు వెనక్కోసారి ముందుకోసారి తిరుగుతూ టైపు కొడుతుంటాడు. తప్పు ఎక్కడ పడిందో ప్రింటు చేతికొచ్చాక గానీ తెలియదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము, మళ్లీ ఒక పూట పని పోవడం.

వచ్చినవాళ్ల ముఖానికి ఎదురుగా బల్ల మీద ఇంకో మానిటర్ ఉంటే ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది. దానికి కొత్తది కొనక్కర్లేదు. చాలా షాపుల్లో, చాలా ఇళ్లల్లో అటక మీద పాత మానిటర్ ఒకటి గుడ్డ కప్పుకుని ఉంటుంది. పెద్దది కొన్నాక దీన్ని పారేయడానికి మనసొప్పక పైకెక్కించినదన్నమాట. దాన్ని దించి, ఊక దుమ్ము దులిపి, పైసా ఖర్చులేని సాఫ్ట్‌వేర్‌తో రెండో తెరగా ఎలా నడిపించుకోవచ్చో ఇవాళ చెప్పుకుందాం.

ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆపైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. మన పల్లెల్లో, చిన్న ఊళ్లలో నడుస్తున్న పెట్టెల్లో చాలావాటికి ఆ యోగం లేదు. అలాగని అవి పనికిరానివా అంటే, లినక్స్ వేస్తే ఇంకో ఐదారేళ్లు సుబ్బరంగా నడుస్తాయి.

లినక్స్ అనగానే అదేదో ఇంజనీర్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు నిజంగానే అంతే. ఇప్పుడలా కాదు. మన దేశంలో జిల్లా కోర్టుల కంప్యూటర్ల కోసం సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఎంచుకున్నది ఉబుంటు లినక్స్‌నే. కేసుల వివరాలు నమోదు చేసే సీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సు పద్ధతిలో ఎన్ఐసీ పుణె బృందం తయారుచేసిందే. అంటే తన గట్టు తగాదా వాయిదా ఎప్పుడో ఫోన్లో చూసుకునే రైతు తనకు తెలియకుండానే లినక్స్ ఫలం అందుకుంటున్నాడు. ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది, తెలుగులోనూ పనిచేస్తుంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి పనిచేస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా మాత్రం లినక్స్ మింట్. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత పెట్టె అయితే అందులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం వేసుకోండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. పెళ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపువాళ్లు తొందరపడకండి. మీ సరుకంతా అను ఫాంట్లలోనూ పేజ్‌మేకర్లోనూ ఉంటుంది. అవి లినక్స్‌లో సాఫీగా నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. యూనికోడ్ తెలుగుకి స్క్రైబస్ ఉంది, ఇంక్‌స్కేప్ ఉంది, ఉచితంగా దొరికే మంచి తెలుగు ఫాంట్లున్నాయి. కానీ ఇరవై ఏళ్ల పాత ఫైళ్లు వాటిలోకి నడిచిరావు. మీరు రెండో పెట్టె మీద ప్రయోగం చేయండి, అన్నం పెట్టే పెట్టె జోలికి పోకండి.

ఇక వైర్ల సంగతి. నూటికి ఎనభై తగాదాలు ఇక్కడే.

పాత మానిటర్ వెనక నీలం రంగు సాకెట్టు, రెండు పక్కలా మరలు ఉంటాయి. అది వీజీఏ. 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి, ఇంకా చావలేదు. కంప్యూటర్ వెనక మాత్రం వీజీఏతోపాటు హెచ్‌డీఎంఐయో, డిస్‌ప్లే పోర్టో ఉంటుంది. రెండు మానిటర్లలో ఒకటి నీలం సాకెట్టుకీ, ఇంకోటి హెచ్‌డీఎంఐకీ పెడితే సరిపోతుంది. నీలం సాకెట్టు లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొనుక్కోవాలి. కొనేటప్పుడు దిశ చూసుకోండి. హెచ్‌డీఎంఐ లోంచి బయల్దేరి వీజీఏకి వెళ్లేది ఒకటి, వీజీఏ లోంచి హెచ్‌డీఎంఐకి వెళ్లేది వేరొకటి. చూడ్డానికి కవల పిల్లలే, ఒకదాని పని ఇంకోటి చేయదు. ఇక్కడ సంకేతం డిజిటల్ నుంచి అనలాగ్‌కి మారాలి కాబట్టి లోపల చిప్పు ఉండి తీరాలి. ఉత్త వైరు అతికించి అమ్మేవి తీసుకుంటే డబ్బులు నీళ్లపాలు.

ఇంకో మెలిక. కొందరి కంప్యూటర్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. అప్పుడు ఒక మానిటర్ వైరు కార్డుకీ, రెండోది మదర్‌బోర్డు సాకెట్టుకీ పెట్టి "రెండోది వెలగట్లేదండీ" అంటారు. కార్డు పెట్టాక మదర్‌బోర్డు సాకెట్టు నిద్రపోవడం మామూలే. రెండు వైర్లూ కార్డుకే పెట్టండి. కార్డు లేనివాళ్లకి వేరే సంగతి. ఇంటెల్ రెండో తరం పెట్టెల్లో వెనక మూడు సాకెట్లు కనిపించినా ఒకేసారి రెండే వెలుగుతాయి. బొమ్మ పంపే దారులు లోపల రెండే ఉంటాయి మరి. మూడు తెరలు కావాలంటే మూడో తరం, అంటే 2012లో వచ్చిన ప్రాసెసరో, ఆపైదో కావాలి.

సరే, వైరు పెట్టారు, రెండో తెర వెలిగింది. కానీ అక్షరాలు సాగదీసినట్టు, ఏదో మసక. చాలామంది ఇక్కడే లినక్స్‌ని తిట్టుకుని విండోస్‌కి వెళ్లిపోతారు. తప్పు లినక్స్‌ది కాదు, చాలాసార్లు వైరుది.

ప్రతి మానిటర్లోనూ ఒక చిన్న జ్ఞాపకాల చిప్పు ఉంటుంది. అందులో తన జాతకం రాసుకుంటుంది. ఏ కంపెనీది, ఏ ఏడాది తయారైంది, ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు, ఎన్ని చుక్కల తెర అని. దీన్ని ఈడీఐడీ అంటారు. పాత వీజీఏ మానిటర్లలో మొత్తం కలిపి 128 బైట్లు, ఒక ఎస్ఎంఎస్ అంత కూడా లేదు. వైరు పెట్టగానే కంప్యూటర్ ముందుగా అడిగేది ఇదే. ఈ సమాచారం వెళ్లేది నీలం సాకెట్టులో 12, 15 నంబరు సూదుల మీదుగా. వైరు చివర చూడండి, అయిదేసి చొప్పున మూడు వరసలు. మూడో వరసలో రెండోదీ, అయిదోదీ. ఆ రెండిట్లో ఏదైనా వంగినా విరిగినా, లేదా చవక వైరులో అసలు కలపకపోయినా, బొమ్మ వస్తుంది గానీ జాతకం రాదు. అప్పుడు లినక్స్ ఎందుకొచ్చిన గొడవని 1024, 768 కొలత ఇచ్చి ఊరుకుంటుంది. అన్నట్టు, మధ్య వరసలో నాలుగోది, అంటే 9వ నంబరు సూది, చాలా వైర్లలో పుట్టుకతోనే ఉండదు. అది లేదని కొత్త వైరు కొనకండి.

వైరు మార్చినా జాతకం రాకపోతే చేత్తో చెప్పే దారి ఉంది. టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరిచి సీవీటీ అనే ఆదేశానికి కొలతలిస్తే లెక్క కట్టి ఒక వరస ఇస్తుంది. ఆ వరసని ఎక్స్‌ర్యాండర్ అనే ఆదేశానికి ఇవ్వాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. మన దగ్గర ఎక్కువగా ఉండే 18.5 అంగుళాల తెరకి అడ్డంగా 1366 చుక్కలు. 1366ని 8 చేత భాగిస్తే శేషం మిగులుతుంది. పాత లెక్కలన్నీ ఎనిమిదేసి చుక్కల కట్టలుగా సాగుతాయి. అందుకని సీవీటీ మీకు 1368 అని ఇస్తుంది, కొన్ని మానిటర్లు తమంతట తామే 1360 అని చెప్పుకుంటాయి. కంగారు పడకండి, పోయేవి ఆరు చుక్కలే.

ఉత్తి ఎక్స్‌ర్యాండర్ అని కొట్టి ఎంటర్ నొక్కినా చాలు, వెనక ఏ సాకెట్టుకి ఏం తగిలి ఉందో, దేనికి ఎన్ని కొలతలు తెలుసో పేరుపేరునా చెప్పేస్తుంది. నాకు ఓపెన్ సోర్సులో నచ్చేది ఇదే. ఏం జరిగిందో దాచదు. "ఏదో పొరపాటు జరిగింది, మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి" అని చేతులు దులుపుకోదు. మా నిర్వాహకుడు తాడేపల్లిగూడెంలో ఉంటాడు, ఫోనెత్తడు.

ఇక అమరిక. సెట్టింగుల్లో డిస్‌ప్లే అనే చోటికి వెళితే రెండు మానిటర్లూ రెండు పెట్టెలుగా కనిపిస్తాయి. బల్ల మీద అవి ఎలా ఉన్నాయో ఇక్కడా మౌసుతో అలాగే జరిపి పెట్టాలి. ఇది బొమ్మలాట అనుకుని వదిలేస్తే మౌసు మీతో దోబూచులాడుతుంది. పక్కపక్కన రెండు చేలున్నాయనుకోండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. గట్టు కలిసిన మేరకే ఇందులోంచి అందులోకి అడుగు వేయగలం, మిగతా చోట దారి లేదు. మౌసూ అంతే. పెద్ద తెర ఎత్తు 1080 చుక్కలు, పాతది 768. రెండిటి పై అంచులూ కలిపి పెడితే కింద 312 చుక్కల మేర గోడే. మౌసు అక్కడ తల కొట్టుకుంటుంటే చెడిపోయిందని కొత్త మౌసు కొన్నవాళ్లున్నారు. పాత మానిటర్ బల్ల మీద కాస్త కిందుగా ఉంటే సెట్టింగులో కూడా దాని పెట్టెని కిందికి జరపండి. అప్పుడు చెయ్యి వెళ్లిన చోటికి బాణం వెళ్తుంది.

ఈ పెట్టెలు జరపడం ఇవాళ ఇంత తేలికగా ఉంది గానీ, దీని వెనక చాలా కథ నడిచింది. లినక్స్ తెరకి చాలాకాలం ఆధారం ఎక్స్ విండో అనే వ్యవస్థ. 1984లో అమెరికాలో ఎంఐటీలో పుట్టింది. రెండు మూడు తెరల్ని ఒకే మైదానంలా చూపించే జినెరామా అనే చేర్పు 1998లో వచ్చింది. అప్పట్లో ఏ తెర ఎక్కడుందో ఒక ఫైల్లో చేత్తో రాయాలి. ఒక్క చుక్క తప్పు పడితే తెర నల్లగా మిగిలేది. 2007లో ర్యాండర్ అనే చేర్పు 1.2 వెర్షన్ వచ్చాక వైరు పెట్టగానే గుర్తుపట్టడం, నడుస్తుండగానే మార్చడం కుదిరింది. దానికి ముఖ్య కారకుడు కీత్ ప్యాకార్డ్. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ అనే ఆయన ఎక్స్‌ని పక్కనబెట్టి వేలాండ్ అనే కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. ఫెడోరా అనే లినక్స్ రకం 2016లోనే దాన్ని ముందుపెట్టింది, ఉబుంటు ఆ వెనకే వచ్చింది. నేను ఇందాక చెప్పిన ఎక్స్‌ర్యాండర్ చిట్కా ఎక్స్‌లో పనిచేస్తుంది, వేలాండ్‌లో చేయదు. వేలాండ్‌లో ఉన్నవాళ్లు సెట్టింగుల పేజీకే వెళ్లాలి. అయితే వేలాండ్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది. కొత్త ల్యాప్‌టాప్ తెర బాగా చిక్కగా, పాత మానిటర్ పలచగా ఉన్నప్పుడు ఒక్కోదానికి ఒక్కో సైజు పెట్టుకోవచ్చు. ఎక్స్‌లో అయితే ఒకచోట అక్షరాలు చీమల్లా, ఇంకోచోట గుమ్మడికాయల్లా వచ్చేవి.

ఎన్విడియా కార్డులున్నవాళ్లకి ఒక హెచ్చరిక. లినక్స్‌లో వాటితో చిక్కులు పాతవే. 2012లో ఒక సభలో టోర్వాల్డ్స్ ఆ కంపెనీని అందరి ముందూ వేలు చూపించి మరీ తిట్టాడు. 2022లో వాళ్లు డ్రైవర్లో కొంత భాగాన్ని ఓపెన్ చేశారు, పరిస్థితి మెరుగైంది. అయినా రెండో తెర కోసమే అయితే పాత పెట్టెలో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్సే చాలు.

తెరని నిలువుగా తిప్పడం గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. సెట్టింగుల్లో రొటేట్ అని ఉంటుంది. 1366, 768 తెర కాస్తా 768, 1366 అవుతుంది. పుస్తకం పేజీ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు అక్షరదోషాలు లేకుండా దిద్దేవాళ్లకి ఇది వరం. అక్కడ ప్రతి పేజీకి స్కాను చేసిన బొమ్మ ఒక పక్క, యంత్రం చదివి టైపు చేసిన పాఠం ఒక పక్క. యంత్రం ప ని వ అంటుంది, ద ని ధ అంటుంది, కింద వత్తు కనిపించకపోతే మింగేస్తుంది. దిద్దేవాడు అక్షరం అక్షరం పోల్చాలి. ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు, వేరొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. పద్ధెనిమిది అంగుళాల్లో రెండూ ఇరికిస్తే తెలుగు వత్తులు ఎవరికి కనపడతాయి? బొమ్మని నిలువు తెర మీద నిండుగా పెట్టి, పాఠం ముందున్న తెర మీద పెట్టుకుంటే కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి గానీ చేతులు ఆగవు. గోదావరి జిల్లాల్లో రిటైరైన తెలుగు మాస్టర్లు ఎందరో. ఈ పని వాళ్లది, కాస్త కంప్యూటర్ సాయం మనవడిది.

నిలువుగా తిప్పాక అక్షరాల అంచుల్లో ఎర్రగా, నీలంగా ఛాయలు కనిపించవచ్చు. తెర మీద ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు గీతలు పక్కపక్కన ఉంటాయి. అక్షరం నున్నగా కనిపించడానికి లినక్స్ ఆ వరసని వాడుకుంటుంది. తెర తిరిగినప్పుడు ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, లెక్క తప్పుతుంది. ఫాంట్ల సెట్టింగులో గ్రేస్కేల్ అని పెట్టండి, పోతుంది.

భీమవరం, తాడేపల్లిగూడెం కాలేజీల పిల్లలకి విడిగా చెప్పేదేముంది, ఒక తెరలో ఎన్‌పీటెల్ పాఠం, ఇంకో తెరలో ప్రోగ్రాము. మీ హాస్టల్లో ఎవరో ఒకరు ఇప్పటికే పెట్టుకునే ఉంటారు.

మళ్లీ నెట్ సెంటర్ దగ్గరికొద్దాం. ఎదుటివాళ్లకి చూపించే తెర పెట్టేటప్పుడు చాలామంది మిర్రర్ అనేది ఎంచుకుంటారు. ఇక్కడున్నదే అక్కడా కనిపిస్తుంది, తేలిక. నేను వద్దంటాను. మిర్రర్ పెడితే అంతకుముందు వచ్చినావిడ ఆధార్ కాపీ, మీ బ్యాంకు ఓటీపీ, మీ బావమరిది పంపిన వాట్సాప్ మెసేజీ అన్నీ బజారుకెక్కుతాయి. అటువైపు కూర్చున్నవాళ్లు చూడాల్సింది వాళ్ల దరఖాస్తు ఒక్కటే. కాబట్టి జాయిన్ లేదా ఎక్స్‌టెండ్ అనేది పెట్టండి. ఇందాక బల్ల మీద ఉన్నట్టే పెట్టమన్నాను గానీ, ఇక్కడ మాత్రం సెట్టింగులో ఆ తెర పెట్టెని మీ తెరకి పక్కన కాకుండా పైన ఉంచండి. పక్కన ఉంటే పనిలో పడి మౌసు మాటిమాటికీ అటు జారిపోతుంది. ఫారం నింపాక ప్రివ్యూ తెరిచి, కీబోర్డులో విండోస్ బొమ్మ ఉన్న మీటా, షిఫ్టూ నొక్కిపట్టి పైబాణం కొడితే ఆ కిటికీ ఎదుటి తెర మీదికి ఎగిరిపోతుంది. మింట్‌లో సినమన్ రకానికీ, ఉబుంటుకీ ఇదే కొట్టుడు. "అమ్మా, మీ పేరు, ఊరు, సర్వే నంబరు చదువుకోండి" అనండి. చదవలేనివాళ్లయితే మీరే పైకి చదివి వినిపించండి. సరే అన్నాక కిందిబాణంతో వెనక్కి తెచ్చుకుని సబ్మిట్ నొక్కండి.

కరెంటు గురించి కూడా. పదిహేడు అంగుళాల ఎల్‌సీడీ తినేది 30 వాట్ల చుట్టుపక్కల. షాపులో ఉన్న యూపీఎస్‌కి ఇది బరువు కాదు గానీ, కరెంటు పోయినప్పుడు నిలబడే నిమిషాలు తగ్గుతాయి. అటక మీద ఉన్నది వెనక పెద్ద బుర్ర ఉన్న పాత రకం గాజు మానిటరైతే దించకండి, అది ఇంతకు రెండు మూడింతలు తింటుంది, బల్లంతా ఆక్రమిస్తుంది. మానిటర్నో కంప్యూటర్ పెట్టెనో ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే చాలావరకు మీ ప్లగ్గులో ఎర్త్ లేదని అర్థం. ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి, తరవాతే వీజీఏ మరలు బిగించండి.

చివరగా, రెండో తెర పెట్టాక అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పొద్దున్నే కంప్యూటర్ వేస్తే పాస్‌వర్డ్ అడిగే పేజీ మీ వైపు కాకుండా కస్టమరు వైపు వస్తుంది. మీరు లోపలికి వచ్చాక చేసుకున్న అమరిక మీది. గుమ్మం దగ్గరుండే లాగిన్ ప్రోగ్రాముకి అది తెలియదు. ఉబుంటులో మీ అమరిక మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే చిన్న ఫైల్లో ఉంటుంది, మీ హోం ఫోల్డర్లో డాట్ కాన్ఫిగ్ అనే దాచిన సంచిలో. దాని నకలు లాగిన్ ప్రోగ్రాము ఫోల్డర్లో కూడా పెడితే పేజీ మీ వైపుకి వస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అంత ఓపిక లేనివాళ్లు సాయంత్రం షాపు కట్టేటప్పుడు కస్టమర్ వైపు మానిటర్ స్విచ్చి ఆపేసి, పొద్దున లాగిన్ అయ్యాక వేసుకోండి. వీజీఏ మానిటర్ స్విచ్చి మాత్రమే ఆపితే కొన్నిసార్లు అది ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. అప్పుడు ప్లగ్గు దగ్గరే ఆపండి, అప్పటికీ పేజీ అటే వస్తే వైరు ఊడదీయండి.